నవంబర్ 14న పుట్టిన ఇంకో మహనీయుడు – డాక్టర్ బాంటింగ్

తమ్ముళ్ళారా! నవంబర్ 14 అనగానే మనకు బాలల దినోత్సవం గుర్తొస్తుంది. ఆ రోజు నెహ్రూ గారి ఫొటోకు దండ వేస్తాం, ఆటల పోటీలు పెట్టుకుంటాం, సాయంత్రం మిఠాయి పంచుకుంటాం. నెహ్రూ గారు పుట్టిన రెండేళ్ళకు, 1891లో, సరిగ్గా అదే తేదీన కెనడా దేశంలో ఒక రైతు ఇంట ఇంకో మహనీయుడు పుట్టాడు. ఆయన పేరు ఫ్రెడరిక్ గ్రాంట్ బాంటింగ్. మధుమేహానికి ప్రాణాధారమైన ఇన్సులిన్ మందును లోకానికి అందించిన బృందానికి మొదటి అడుగు ఆయనది. ఆయన పుట్టినరోజునే 1991 నుంచి ప్రపంచ మధుమేహ దినంగా జరుపుతున్నారు.

మన తెల్లాపూర్ హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఎక్కడో కెనడా డాక్టరు గురించి ఎందుకు అనుకోవచ్చు. షుగర్ జబ్బు పెద్దవాళ్ళకే వస్తుందని, బాగా తిని కూర్చునేవాళ్ళకే వస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చిన్నపిల్లలకు వచ్చే షుగర్ వేరే ఉంది. దాన్ని టైప్ వన్ మధుమేహం అంటారు. మూడేళ్ళ పాపకూ రావచ్చు, మన హాస్టల్లో ఆరో తరగతి చదివే తమ్ముడికీ రావచ్చు. అలాంటి తమ్ముడు మన గదిలో ఉంటే మనం ఏం చెయ్యాలో తెలియాలంటే బాంటింగ్ జీవితం తెలుసుకోవాలి. అందుకే ఈ హాస్టల్లో చదువుకుని వెళ్ళిన మేమందరం కలిసి ఈ వ్యాసం రాస్తున్నాం.

రైతు బిడ్డ, ఫెయిలయిన విద్యార్థి

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఆలిస్టన్ అనే చిన్న ఊరి దగ్గర బాంటింగ్ వాళ్ళ వ్యవసాయ క్షేత్రం ఉండేది. ఐదుగురు పిల్లల్లో ఆయనే చిన్నవాడు. చదువులో మెరిసిన పిల్లవాడేమీ కాదు. 1910లో టొరంటో విశ్వవిద్యాలయంలో ఆర్ట్స్ చదువుకు చేరి మొదటి సంవత్సరమే తప్పాడు. తర్వాత మనసు మార్చుకుని 1912లో వైద్యవిద్యలో చేరాడు. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం రాబోతోంది. సైన్యానికి డాక్టర్లు కావలసి వచ్చి ఆయన తరగతికి చదువు త్వరగా ముగించారు. 1916లో డిగ్రీ చేతికి రాగానే సైన్యంలో వైద్యుడిగా వెళ్ళాడు. 1918లో ఫ్రాన్సులో ఫిరంగి గుండు ముక్క తగిలి చేతికి పెద్ద గాయమైంది. గాయంతోనే తోటి సైనికులకు గంటల తరబడి చికిత్స చేశాడు. ఆ ధైర్యానికి మిలిటరీ క్రాస్ పతకం ఇచ్చారు.

యుద్ధం నుంచి వచ్చాక టొరంటోలోని పిల్లల ఆసుపత్రిలో శస్త్రచికిత్స నేర్చుకున్నాడు గానీ అక్కడ స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1920లో లండన్ అనే ఊళ్ళో సొంతంగా దవాఖానా పెట్టాడు. ఇది ఇంగ్లండు రాజధాని కాదు, అదే పేరుతో కెనడాలో ఉన్న పట్టణం. వారాలు గడిచినా రోగులు రాలేదు. మొదటి నెల సంపాదన నాలుగు డాలర్లు. ఇల్లు గడవక అక్కడి వైద్య కళాశాలలో పాఠాలు చెప్పే చిన్న పనికి ఒప్పుకున్నాడు. ఆ చిన్న పనే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

ఇన్సులిన్ రాకముందు

మనం తిన్న అన్నం, రొట్టె, పండు కడుపులో అరిగి గ్లూకోజ్‌గా మారి రక్తంలో కలుస్తుంది. ఆ గ్లూకోజ్ శరీరంలోని కణాల్లోకి వెళితేనే శక్తి. కణం తలుపు తీసే తాళంచెవి ఇన్సులిన్. దాన్ని కడుపు వెనక ఉండే క్లోమం తయారు చేస్తుంది. క్లోమంలో చిన్న చిన్న దీవుల్లాంటి కణాల గుంపులుంటాయి. 1869లో లాంగర్‌హాన్స్ అనే జర్మన్ విద్యార్థి వాటిని మొదట చూశాడు. మన పాఠ్యపుస్తకంలో లాంగర్‌హాన్స్ పుటికలు అని చదువుకునేవి అవే. టైప్ వన్ మధుమేహంలో ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పొరపాటున ఈ కణాలను శత్రువులనుకుని నాశనం చేస్తుంది. ఇన్సులిన్ తయారీ ఆగిపోతుంది. రక్తంలో గ్లూకోజ్ నిండా ఉన్నా కణాలకు అందదు. ఇంటి నిండా ధాన్యం ఉండి పొయ్యి మీద కుండ ఖాళీగా ఉన్నట్టు పిల్లవాడు తింటూనే చిక్కిపోతాడు. ఇది మిఠాయిలు తినడం వల్ల వచ్చేది కాదు, తల్లిదండ్రుల తప్పు కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది అసలే కాదు.

1922కు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవాళ్ళు కాదు. అప్పటి డాక్టర్ల చేతిలో ఉన్నది ఒకటే ఉపాయం, తిండి తగ్గించడం. రోజుకు కొన్ని వందల కేలరీలు మాత్రమే ఇచ్చి పిల్లల్ని ఎముకల గూడులా ఉంచి ప్రాణాన్ని కొన్ని నెలలో, ఒకటి రెండేళ్ళో పొడిగించేవారు. జబ్బుతో చావాలా, ఆకలితో చావాలా అన్నట్టుండేది ఆ పిల్లల బతుకు. ఆకలి అంటే ఏమిటో తెలిసిన ఇళ్ళ నుంచి వచ్చిన మనకు ఆ బాధ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఒక రాత్రి ఆలోచన

1920 అక్టోబర్ 30 రాత్రి బాంటింగ్ క్లోమం మీద పాఠం తయారు చేసుకుంటూ ఒక వైద్య పత్రికలో వ్యాసం చదివాడు. క్లోమం నాళం మూసుకుపోతే జీర్ణరసం చేసే కణాలు చచ్చిపోతాయనీ, దీవుల్లాంటి కణాలు మాత్రం మిగులుతాయనీ అందులో ఉంది. నిద్ర పట్టలేదు. నాళాన్ని కట్టేసి, మిగిలిన కణాల నుంచి రసం తీస్తే అది షుగర్‌ను తగ్గించవచ్చు కదా అని అర్ధరాత్రి దాటాక లేచి కాగితం మీద రాసుకున్నాడు. ఆ కాగితంలో జబ్బు పేరు స్పెల్లింగు తప్పుగా రాశాడు! స్పెల్లింగు తప్పినా ఆలోచన వదల్లేదు.

టొరంటో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ మెక్లాయిడ్ ఈ విషయంలో పెద్ద పేరున్నవాడు. బాంటింగ్ ఆయన దగ్గరికి వెళ్ళాడు. పరిశోధనలో అనుభవం లేని ఈ యువకుడి మీద ప్రొఫెసరుకు పెద్ద నమ్మకం కలగలేదు. అయినా 1921 వేసవిలో ఒక ప్రయోగశాల గది, కొన్ని కుక్కలు, ఒక విద్యార్థి సహాయకుణ్ణి ఇచ్చాడు. ఇద్దరు విద్యార్థుల్లో ముందు ఎవరు చేరాలో నాణెం ఎగరేసి తేల్చుకున్నారట. అలా వచ్చినవాడు 22 ఏళ్ళ చార్లెస్ బెస్ట్.

మే నెలలో పని మొదలైంది. బాంటింగ్‌కు జీతం లేదు. గదిలో విపరీతమైన ఉక్క. మొదట్లో ఎన్నో కుక్కలు చచ్చిపోయాయి. జులై చివరికి ఒక కుక్కకు వాళ్ళు తీసిన రసం ఎక్కించగానే రక్తంలో చక్కెర తగ్గింది. ఆ సంవత్సరం చివర్లో కోలిప్ అనే రసాయన శాస్త్రవేత్త వచ్చి చేరి, ఆ రసాన్ని మనిషికి ఇవ్వగలిగేంత శుభ్రం చేశాడు. అదే కాలంలో రుమేనియాలో పాలెస్కూ అనే శాస్త్రవేత్త కూడా ఇలాంటి ఫలితాలే ప్రచురించాడు. పెద్ద పని ఏదీ ఒక్క మనిషితో జరగదని దీన్నిబట్టి గ్రహించాలి.

లియొనార్డ్, టెడ్డీ

టొరంటో జనరల్ ఆసుపత్రిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ అబ్బాయి ఉన్నాడు. బరువు 29 కిలోలు. 1922 జనవరి 11న అతనికి మొదటి సూది ఇచ్చారు. మందు శుద్ధంగా లేక సూది చోట చీము పట్టింది, లాభం పెద్దగా లేదు. అక్కడితో ఆపేయలేదు. కోలిప్ పగలూ రాత్రీ పనిచేసి మందును శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్ళీ ఇచ్చారు. రక్తంలో చక్కెర 520 నుంచి ఒక్క రోజులో 120కి దిగింది. ఆ పిల్లవాడు ఇంకో పదమూడేళ్ళు బతికి, 1935లో న్యుమోనియాతో పోయాడు.

వార్త బయటికి పొక్కగానే దూరదేశాల తల్లిదండ్రుల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. మందు మాత్రం చాలలేదు. 1922 వసంతంలో తయారీయే గాడి తప్పి కొన్నాళ్ళు మందు దొరకలేదు. ఆ రోజుల్లో అమెరికా నుంచి టెడ్డీ రైడర్ అనే ఐదేళ్ళ పిల్లవాడి చిన్నాన్న వచ్చి బతిమాలాడు. సెప్టెంబర్‌లో తీసుకురమ్మని బాంటింగ్ చెబితే, అప్పటిదాకా పిల్లవాడు ఉండడని ఆయన అన్నాడు. బాంటింగ్ మనసు కరిగింది. జులైలోనే టెడ్డీని తెచ్చారు. ఐదేళ్ళ పిల్లవాడి బరువు సుమారు 12 కిలోలు! ఇన్సులిన్ మొదలయ్యాక ఒళ్ళు చేశాడు. మరుసటి సంవత్సరం తానిప్పుడు లావయ్యాననీ, చెట్టు కూడా ఎక్కగలననీ బాంటింగ్‌కు ఉత్తరం రాశాడు. ఆ టెడ్డీ 76 ఏళ్ళు బతికి 1993లో కన్నుమూశాడు. అంటే 70 ఏళ్ళకు పైగా ప్రతిరోజూ ఇన్సులిన్ మీదే బతికాడు. తమ్ముళ్ళారా, ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇన్సులిన్ జబ్బును మాయం చెయ్యదు, జబ్బుతో బతకనిస్తుంది. మందు మానేస్తే ఆ పాత చావే మళ్ళీ వస్తుంది.

ఒక్క డాలరుకు

ఇంత గొప్ప మందు మీద హక్కు తమ దగ్గర పెట్టుకుని ఉంటే బాంటింగ్, బెస్ట్, కోలిప్ కోటీశ్వరులయ్యేవాళ్ళు. వాళ్ళు అలా చేయలేదు. 1923లో పేటెంటు హక్కును ఒక్కొక్కరు ఒక్క డాలరు మాత్రం తీసుకుని టొరంటో విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు. ఏ ఒక్కరో మందును గుప్పిట్లో పెట్టుకోకూడదని, శుద్ధంగా తయారుకావాలని, అందరికీ అందాలని వాళ్ళ కోరిక.

అదే ఏడు బాంటింగ్‌కు, మెక్లాయిడ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి బాంటింగ్ వయసు 32. వైద్యశాస్త్రంలో అంత చిన్న వయసులో నోబెల్ పొందినవాళ్ళు ఇప్పటికీ లేరు. బెస్ట్‌కు రాలేదని ఆయనకు కోపం వచ్చి తన వంతు డబ్బులో సగం బెస్ట్‌కు ఇచ్చాడు. మెక్లాయిడ్ తన వంతులో సగం కోలిప్‌కు ఇచ్చాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి ఇంకోటి కూడా రాస్తున్నాం. బాంటింగ్‌కు కోపం ఎక్కువ. మెక్లాయిడ్‌తో, కోలిప్‌తో ఆయనకు గొడవలు జరిగాయి. మహనీయులూ మనుషులే. అయినా వాళ్ళ తగవుల వల్ల పిల్లల మందు మాత్రం ఆగలేదు.

తర్వాతి కాలంలో బాంటింగ్ గనుల దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు మీద, విమానాల్లో ఎగిరేవాళ్ళ ఆరోగ్యం మీద పరిశోధనలు నడిపించాడు. తీరిక దొరికితే బొమ్మలు గీసేవాడు. 1934లో సర్ బిరుదు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941 ఫిబ్రవరిలో, ఇంగ్లండుకు బయలుదేరిన విమానం న్యూఫౌండ్‌లాండ్‌లో కూలి ఫిబ్రవరి 21న చనిపోయాడు. అప్పటికి ఆయనకు 49 ఏళ్ళు.

బాంటింగ్‌కు నోబెల్ వచ్చిన 1923లోనే మన తెలుగువాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని బోస్టన్‌లో అడుగుపెట్టారు. ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కిన మనిషి. కండరాల్లో శక్తి ఎలా పుడుతుందో, ఎలా నిలవ ఉంటుందో పరిశోధించి పేరు తెచ్చుకున్నారు. ఆయన బృందం చేసిన మందుతోనే 1947, 48లలో రక్త క్యాన్సర్ పిల్లలకు మొదటిసారి ఊరట దొరికింది. పరీక్ష తప్పితే జీవితం అయిపోయిందనుకునే తమ్ముళ్ళు ఈ ఇద్దరినీ గుర్తుపెట్టుకోవాలి.

మన గదిలో అలాంటి తమ్ముడుంటే

బాంటింగ్ రోజుల్లో ఇన్సులిన్‌ను పశువుల, పందుల క్లోమం నుంచి తీసేవారు. 1982 నుంచి సూక్ష్మజీవుల చేత తయారు చేయించిన మానవ ఇన్సులిన్ మార్కెట్లోకి వచ్చింది. మందు ఎంత మెరుగైనా పిల్లవాడు ఉండేది ఆసుపత్రిలో కాదు, మన మధ్య. ఇంట్లో అయితే అమ్మ చూసుకుంటుంది. హాస్టల్లో అమ్మ పని చేయాల్సింది మనమే.

మొదట గుర్తుపట్టడం. కొత్తగా ఒక తమ్ముడు మాటిమాటికీ నీళ్ళు తాగుతున్నాడు, మాటిమాటికీ మూత్రానికి పోతున్నాడు, బాగా తింటూనే చిక్కిపోతున్నాడు, ఇన్నాళ్ళూ లేనిది రాత్రిపూట పక్క తడుపుతున్నాడు అంటే నవ్వకండి. దుప్పటి బయట ఆరేసి పేరు పెట్టి ఏడిపించకండి. సిగ్గుతో ఆ పిల్లవాడు ఎవరికీ చెప్పుకోడు, లోపల జబ్బు ముదురుతుంది. ఆ రోజే వార్డెన్ సారుకు చెప్పండి. వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీస్తే నిమిషంలో షుగర్ తెలిసిపోతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో లోతుగా ఊపిరి తీయడం, నోటి నుంచి పండిన పండు లాంటి వాసన ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు. కడుపునొప్పి మాత్ర వేసి పడుకోబెట్టకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. హైదరాబాద్‌లో పిల్లలకు ప్రత్యేకంగా నిలోఫర్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది.

రెండోది భోజనం. ఈ పిల్లలకు అన్నం మాన్పించనక్కరలేదు. మనం తినే అన్నం, పప్పు, గుడ్డు, కూర వాళ్ళూ తినవచ్చు. ఎంత తింటే ఎంత ఇన్సులిన్ అనేది డాక్టరు చెబుతాడు. చిక్కంతా వేళలోనే ఉంది. సూది వేసుకున్నాక అన్నం ఆలస్యమైతే రక్తంలో చక్కెర పడిపోతుంది. మన దగ్గర గంట కొట్టాక పొడుగాటి వరుస ఉంటుందని అందరికీ తెలుసు. ఆ తమ్ముణ్ణి వరుసలో ముందు నిలబెట్టండి. అది పక్షపాతం కాదు. సాయంత్రం కబడ్డీ ఆడినా షుగర్ పడుతుంది కాబట్టి ఆటకు ముందు షుగర్ చూసుకోవాలి, అవసరమైతే ఏదైనా తిని దిగాలి. ఆట మాన్పించవద్దు. రాత్రి భోజనం తొందరగా అయిపోయే మన హాస్టల్లో పడుకునే ముందు షుగర్ చూసుకోవడం ఇంకా ముఖ్యం.

మూడోది ప్రమాదం. రక్తంలో చక్కెర 70 కంటే కిందికి పడితే చెమటలు, వణుకు, ఆకలి, చిరాకు, మాట తడబడటం కనిపిస్తాయి. స్టడీ అవర్‌లో మందకొడిగా కూర్చున్నాడని తిట్టే ముందు ఇది ఆలోచించాలి. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. మరీ చిన్నపిల్లలకు డాక్టరు చెప్పిన కొలతలో ఇంకొంచెం తక్కువ. బిస్కెట్లు, చాక్లెట్లు నెమ్మదిగా పనిచేస్తాయి, ముందు పంచదారే. పావుగంట ఆగి మళ్ళీ పరీక్షించాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. తేరుకున్నాక అన్నమో రొట్టెయో పెట్టాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

నాలుగోది మందు భద్రం. వాడని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి, మంచు పెట్టెలో మాత్రం పెట్టకూడదు. గడ్డకడితే పనికిరాదు. ఫ్రిజ్ లేని చోట తడి ఇసుక పోసిన మట్టి కుండలో చిన్న గిన్నె పెట్టి అందులో దాచుకునే పద్ధతి మన ఊళ్ళలో ఉంది. ఎండ తగిలే రేకుల కింద, ట్రంకు పెట్టెలో పెట్టవద్దు. సూది వేసుకునే చోటు రోజూ మారుస్తూ ఉండాలి. ఒకరి సూది ఇంకొకరు వాడకూడదు. జ్వరమొచ్చి తినలేకపోయినా సూది పూర్తిగా మానకూడదు, డాక్టరును అడిగి మోతాదు మార్చుకోవాలి. ఆకు పసరు, తాయెత్తు, కాకరకాయ రసం ఇన్సులిన్ పని చేయవు. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళు ఎవరైనా మానేయమంటే టెడ్డీ కథ చెప్పండి.

మేము చదువుకున్న రోజుల్లో తెల్లాపూర్ చుట్టూ పొలాలుండేవి. ఇప్పుడు పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు, ఐటీ ఉద్యోగుల కార్లు. ఆ అపార్ట్‌మెంట్లో షుగర్ ఉన్న పిల్లవాడికి తల్లిదండ్రులు చేతికి అతికించే సెన్సర్ కొనగలరు, ఫోన్లో అంకెలు చూసుకోగలరు. మన హాస్టల్ తమ్ముడికి సెన్సర్ లేకపోవచ్చు, పక్క మంచం మీద అన్నదమ్ములున్నారు. రాత్రి చెమటలు పట్టి మూలుగుతుంటే లేచి చూసేవాళ్ళున్నారు. సెన్సర్ అందరికీ అందాలని అడగాలి, అందేదాకా మనం మేలుకుని ఉండాలి. ఈ జబ్బు ఉందని ఏ తమ్ముడినీ హాస్టల్ మాన్పించి ఇంటికి పంపే పరిస్థితి రాకూడదు. చదువు పోతే ఆ పిల్లవాడు ఒకే జబ్బుకు రెండుసార్లు నష్టపోయినట్టు.

పాత విద్యార్థులుగా మా వంతు ఒక మాట ఇస్తున్నాం. ఈ ఏడు మన హాస్టల్‌కు ఒక గ్లూకోమీటరు, దానికి సరిపడా స్ట్రిప్పులు, సిక్ రూములో ఒక చిన్న ఫ్రిజ్ మేము చందాలు వేసుకుని సమకూరుస్తాం. వచ్చే నవంబర్ 14న నెహ్రూ గారి ఫొటో పక్కన బాంటింగ్ ఫొటో కూడా పెట్టండి. మిఠాయి పంచేటప్పుడు షుగర్ ఉన్న తమ్ముడిని పక్కన పెట్టకుండా, ఆ మిఠాయికి ఎంత ఇన్సులిన్ కావాలో లెక్క చూసుకుని అతనికీ ఒకటి ఇవ్వండి.

– పాత విద్యార్థుల సంఘం, తెల్లాపూర్